యూరప్‌లో ఉగ్రవాదం: ఏ రకం ఎక్కువ నష్టం చేసింది, ఆ నష్టాన్ని దేనితో కొలవాలి?

మెట్లబావి (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. వచ్చే నెల మా పరిశోధక విద్యార్థుల బృందంలో యూరప్ ఉగ్రవాదం మీద నేను మాట్లాడాలి. రకాలవారీగా పోలుస్తూ ఒక పట్టిక మొదలుపెట్టి, మొదటి రోజే చిక్కుపడ్డాను.

యూరోపియన్ యూనియన్ పోలీసు సంస్థ యూరోపోల్ ఏటా ఒక నివేదిక వెలువరిస్తుంది. 2006 లెక్క ప్రకారం మొత్తం 498 దాడులు. వాటిలో 424 వేర్పాటువాదులవి, 55 వామపక్ష, అరాచకవాద బృందాలవి. జిహాదీల పేరున ఉన్నది జర్మనీ రైళ్లలో పెట్టగా పేలకుండా మిగిలిపోయిన సూట్‌కేసు బాంబుల ఘటన ఒక్కటే. 2015కు వచ్చేసరికి జరిగినవి, విఫలమైనవి, ముందే పట్టుబడినవి అన్నీ కలిపి 211. కానీ ఆ ఒక్క ఏడాదే 151 మంది చనిపోయారు, దాదాపు అందరూ జిహాదీ దాడుల్లోనే. దాడుల సంఖ్య సగానికి పైగా తగ్గింది, మృతుల సంఖ్య మాత్రం ఎక్కడికో వెళ్లింది. ఈ రెండు సంవత్సరాలనూ ఒకే గీత మీద ఎలా పెట్టాలి?

వేర్పాటువాదం, వామపక్ష తీవ్రవాదం, నవనాజీలు, జిహాదీలు: ఈ నాలుగింటిలో సమాజం మీద దేని ప్రభావం ఎక్కువ అని అడిగితే మీరైతే ఎక్కడ మొదలుపెడతారు?

పాతరేడియో (గుంటూరు)

అమ్మా, ముందు ఆ 424 సంఖ్యను విప్పి చూడు. అందులో ఎక్కువ భాగం ఫ్రాన్స్‌లోని కోర్సికా ద్వీపానివి, స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతానివి. కోర్సికా వేర్పాటువాదులు చాలా కాలం చేసిన పని, ప్రధాన భూభాగం నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న సెలవుల ఇళ్లను ఎవరూ లేని రాత్రివేళ పేల్చడం. గోడ కూలుతుంది, ప్రాణం పోదు. అలాగని వాళ్లు చంపలేదని కాదు. 1998 ఫిబ్రవరిలో ఆ ద్వీపానికి ప్రభుత్వ ప్రతినిధిగా ఉన్న క్లోడ్ ఎరిన్యాక్‌ను నడివీధిలో కాల్చేశారు. మొత్తం మీద ఆ పట్టికలో ఒక ‘దాడి’ అంటే పగిలిన కిటికీ కావచ్చు, పారిస్‌లో ఒక రాత్రి 130 మంది చనిపోవడమూ కావచ్చు. రెండింటికీ ఒకే గడి ఇచ్చారు.

ఇక ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ, బాస్క్ సంస్థ ఈటీఏ తరచూ ముందుగా ఫోన్ చేసి హెచ్చరించేవి. 1996 జూన్ 15న మాంచెస్టర్ నడిబొడ్డున దాదాపు ఒకటిన్నర టన్నుల బాంబు పేలితే ఒక్కరూ చనిపోలేదు, రెండు వందల మందికి పైగా గాయపడ్డారు. హెచ్చరిక అందినందువల్ల పోలీసులు వేలమందిని తరలించగలిగారు. దీన్ని చూసి కొందరు ‘వాళ్లకు ఒక హద్దు ఉండేది’ అంటారు. నేను ఒప్పుకోను. 1987 జూన్‌లో బార్సిలోనాలోని హైపర్‌కోర్ దుకాణానికి కూడా ఈటీఏ ఫోన్ చేసింది. దుకాణం ఖాళీ కాలేదు, 21 మంది చనిపోయారు. 1998 ఆగస్టులో ఉత్తర ఐర్లాండ్‌లోని ఓమా పట్టణంలో, ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ నుంచి చీలిన ముఠా ఇచ్చిన హెచ్చరిక తప్పు చోటు చెప్పింది. పోలీసులు జనాన్ని సరిగ్గా కారు బాంబు ఉన్న వీధి వైపే నడిపించారు. 29 మంది. వాళ్లలో కవలలను కడుపున మోస్తున్న తల్లి ఒకరు. బాంబు పెట్టినవాడు చేసిన ఫోను దయ కాదు. చావుల బాధ్యతను పోలీసుల మీదికి నెట్టే పద్ధతి అది.

లాగన్‌తీరం (బెల్‌ఫాస్ట్)

మాస్టారు చెప్పింది నిజం. నేను పదకొండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను, కనుక ఇక్కడి సంగతి చెబుతాను.

ఉత్తర ఐర్లాండ్ ఘర్షణల్లో 1960ల చివరి నుంచి 1998 శాంతి ఒప్పందం దాకా సుమారు 3,500 మంది చనిపోయారు. అప్పటి జనాభా పదిహేను లక్షలు. అంటే మన ఒక మోస్తరు జిల్లాలో ముప్పై ఏళ్ల పాటు అలా జరిగిందనుకోండి. బంధువునో, తోటి ఉద్యోగినో, వీధిలో తెలిసినవాళ్లనో పోగొట్టుకోని కుటుంబం దొరకడం కష్టం. చంపినవాళ్లలో ఐర్లాండ్‌తో కలవాలనే రిపబ్లికన్లు సగానికి పైగా, బ్రిటన్‌తో కలిసి ఉండాలనే లాయలిస్టు ముఠాలు సుమారు మూడో వంతు, సైన్యం, పోలీసులు మిగతా భాగం. ఇక్కడ కూర్చుని ‘ఉగ్రవాదం’ అనే మాట అన్నప్పుడు ఎదుటివాడు ఏ వీధిలో పుట్టాడో చూసుకుని అనాలి.

మీ పట్టికలో ఒక గడి పెట్టండి: గోడలు. 1969లో కాథలిక్, ప్రొటెస్టెంట్ వీధుల మధ్య తాత్కాలికంగా వేసిన కంచెలు తరవాత ఇటుక, ఉక్కు గోడలయ్యాయి. 2023 నాటికి అన్నింటినీ తీసేస్తామని ఇక్కడి ప్రభుత్వం 2013లో ప్రకటించింది. ఆ గడువు దాటిపోయింది, గోడలు ఉన్నాయి. కొన్నిచోట్ల గేట్లు సాయంత్రం మూసి పొద్దున తెరుస్తారు. పిల్లల్లో ఎక్కువమంది ఇప్పటికీ వేరు వేరు బడులకే వెళతారు. నాతో పనిచేసే ఒకాయన తన పద్దెనిమిదో ఏట మొదటి ఉద్యోగంలో చేరాకే అవతలి మతంవాడితో కలిసి భోంచేశానని చెప్పాడు. రెండు వీధుల దూరం.

బాంబులో పోయినవాళ్లను లెక్కపెట్టగలం. ఎత్తుకుపోయి, చంపి, పాతిపెట్టినవాళ్ల సంగతి వేరు. పది మంది పిల్లల తల్లిని 1972 డిసెంబరులో ఇంట్లోంచి తీసుకుపోయారు. ఎముకలు 2003లో ఒక సముద్రతీరంలో దొరికాయి. ముప్పై ఏళ్లు ఆ పిల్లలు ఎవరు తీసుకుపోయారో తెలిసి కూడా అదే వీధుల్లో తిరిగారు. ఇది ఏ సంవత్సరపు లెక్కలోకి వస్తుంది?

కొత్తవంతెన (బ్రస్సెల్స్)

లాగన్‌తీరం గారూ, మీరు చెప్పింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా ఒక తేడా చెప్పాలి.

ఐర్లాండ్‌లో, బాస్క్ ప్రాంతంలో చంపేవాడికి ఒక కోరిక ఉంది. దాన్ని ఒప్పుకోకపోయినా అర్థం చేసుకోవచ్చు, చివరికి బల్ల దగ్గర కూర్చోబెట్టవచ్చు. నీస్‌లో 2016 జూలై 14న సముద్రం ఒడ్డున బాణసంచా చూసి ఇంటికి మళ్లుతున్న జనం మీదికి లారీ నడిపి 86 మందిని చంపినవాడితో దేని గురించి మాట్లాడాలి? చనిపోయినవాళ్లలో పసిపిల్లలున్నారు, ముస్లింలు ఎంతోమంది ఉన్నారు.

2016 మార్చి 22 పొద్దున నేను మెట్రోలో ఉండవలసినదాన్ని. మా పాపకు జ్వరం వచ్చి ఆలస్యమైంది. విమానాశ్రయంలోనూ, మాల్‌బేక్ మెట్రో స్టేషన్ దగ్గరా పేలుళ్లు. 32 మంది. ఫోన్లు పనిచేయలేదు. మన దేశం నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆ మెట్రోలో ఉన్నాడని, ఆచూకీ లేదని తెలిసి ఇక్కడి భారతీయులందరం రోజుల తరబడి ఆసుపత్రుల వివరాలు పంచుకున్నాం. చివరికి మరణవార్తే వచ్చింది. ఆ అబ్బాయి నాకు తెలియదు. అయినా ఇప్పటికీ ఆ స్టేషన్ దాటేటప్పుడు పక్కనున్నవాళ్ల సంచులు చూస్తాను, చూసి సిగ్గుపడతాను.

ఎవరినైనా, ఎక్కడైనా, ఏ హెచ్చరికా లేకుండా. ఆ భయం వేరు. సంగీత కచేరీకి వెళ్లడం, కాఫీ దుకాణం బయట కుర్చీలో కూర్చోవడం, క్రిస్మస్ సంతలో నడవడం, ఇవే లక్ష్యాలు. మా సంతల చుట్టూ ఇప్పుడు సిమెంటు దిమ్మెలుంటాయి. పిల్లలు వాటిమీద ఎక్కి ఆడుకుంటారు, అవి ఎందుకున్నాయో వాళ్లకు ఇంకా చెప్పలేదు.

పాతరేడియో (గుంటూరు)

అమ్మా, నీ బాధను తక్కువ చేయను. కానీ ‘ఎవరినైనా, ఎక్కడైనా’ అన్నది జిహాదీలతో మొదలుకాలేదు. 1980 ఆగస్టు 2, శనివారం, ఇటలీలో సెలవుల రద్దీ. బొలోన్యా రైల్వేస్టేషన్ రెండో తరగతి నిరీక్షణ గదిలో పేలిన బాంబు 85 మందిని పొట్టన పెట్టుకుంది. పెట్టింది నవఫాసిస్టులు. స్టేషన్ గడియారం 10.25 దగ్గర ఆగింది.

అంతకు ముందు 1969 డిసెంబరు 12న మిలాన్‌లోని పియాజ్జా ఫోంతానా బ్యాంకులో బాంబు, 17 మంది. పోలీసులు వెంటనే అరాచకవాదులను పట్టుకున్నారు. వాళ్లలో జుసెప్పే పినెల్లి అనే రైల్వే కార్మికుడు విచారణ సమయంలో పోలీసు కార్యాలయం నాలుగో అంతస్తు కిటికీలోంచి పడి చనిపోయాడు. అతనికి ఆ బాంబుతో సంబంధం లేదు. అది ఫాసిస్టుల పని అని తేలడానికి దశాబ్దాలు పట్టింది. ఈటీఏ చంపితే మేమే చంపామని ప్రకటించేది. ఇటలీ ఫాసిస్టులు చంపి మౌనంగా ఉండేవారు, నింద వామపక్షం మీద పడాలని. ఇటలీవాళ్లు దీన్నే ‘ఉద్రిక్తతా వ్యూహం’ అంటారు. మెట్లబావీ, ‘బాధ్యత ప్రకటించారా లేదా’ అనే గడి తప్పకుండా పెట్టు.

మెట్లబావి (విశాఖపట్నం)

పెడతాను మాస్టారూ. జర్మనీలో కూడా ఇలా ప్రకటించకుండా చేసిన హత్యలు ఉన్నాయని చదివాను. ఎవరికైనా వివరంగా తెలుసా?

నీలిగోరింట (న్యూరెంబర్గ్)

నాకు తెలుసు. మా ఊళ్లోనే మొదలైంది.

2000 సెప్టెంబరులో ఇక్కడ రోడ్డు పక్కన పూలమ్మే ఒక టర్కీ మూలాల వ్యక్తిని కాల్చారు. తరవాత ఆరేళ్లలో ఇదే ఊళ్లో మరో ఇద్దరిని, మ్యూనిక్‌లో ఇద్దరిని, హాంబర్గ్, రోస్టాక్, డోర్ట్‌మండ్, కాసెల్ ఊళ్లలో ఒక్కొక్కరిని. తొమ్మిది మందీ వలస వచ్చిన కుటుంబాలవాళ్లు: ఎనిమిది మంది టర్కీ మూలాలు, ఒకరు గ్రీకు. కూరగాయల దుకాణం, దర్జీ పని, తాళాల దుకాణం, ఇలా చిన్న బతుకులు. అన్నింటికీ ఒకే తుపాకీ. 2007లో ఒక పోలీసు యువతిని కూడా చంపారు.

పోలీసుల దర్యాప్తు బృందానికి పెట్టిన పేరు ‘బోస్ఫరస్’, టర్కీలోని జలసంధి పేరు. పేరులోనే దారి తేల్చేశారు, హంతకుడు టర్కీ వాళ్లలోనే ఉంటాడని. మాదకద్రవ్యాల వ్యాపారం, మాఫియా అప్పులు, అక్రమ సంబంధాలు అంటూ చనిపోయినవాళ్ల భార్యలను, పిల్లలను ఏళ్ల తరబడి ప్రశ్నించారు. పత్రికలు, టర్కీ మాంసపు వంటకం పేరుతో, ‘డోనర్ హత్యలు’ అని పేరు పెట్టాయి. మనుషులను తిండి పేరుతో పిలిచారు. 2006 మేలో కాసెల్‌లో కుటుంబాలవాళ్లు ‘పదో మృతుడు వద్దు’ అంటూ ఊరేగింపు తీశారు. వీటి వెనుక జాతివిద్వేషం ఉందని వాళ్లకు అప్పుడే తెలుసు. ఎవరూ వినలేదు.

2011 నవంబరులో ఒక బ్యాంకు దోపిడీ తరవాత ఇద్దరు నవనాజీలు చనిపోయి దొరకడంతో, తమను తాము ‘నేషనల్ సోషలిస్ట్ అండర్‌గ్రౌండ్’ అని పిలుచుకున్న ముఠా బయటపడింది. ఆ తరవాత దేశ అంతర్గత నిఘా సంస్థలో దీనికి సంబంధించిన దస్త్రాలను ముక్కలు చేశారని తేలి, దాని అధిపతి 2012లో పదవి వదిలాడు. ఛాన్సలర్ అంగెలా మెర్కెల్ కుటుంబాలను క్షమాపణ అడిగింది. బతికి దొరికిన మూడో సభ్యురాలికి 2018లో యావజ్జీవ శిక్ష పడింది.

మృతులు పది మంది. పారిస్‌తో పోలిస్తే చిన్న సంఖ్య. కానీ పదకొండేళ్లు తండ్రి శవాన్నీ, తండ్రి మీద నిందనూ కలిపి మోసిన ఆ పిల్లల ముఖం చూసి ‘ప్రభావం తక్కువ’ అని నేను రాయలేను. ఇక్కడి టర్కీ కుటుంబాలతో మాట్లాడితే వాళ్లు హంతకుల గురించి కంటే ఆ దర్యాప్తు గురించే ఎక్కువ మాట్లాడతారు.

లాగన్‌తీరం (బెల్‌ఫాస్ట్)

1974 నవంబరులో బర్మింగ్‌హామ్ మద్యశాలల్లో బాంబులకు 21 మంది చనిపోయారు. ఆరుగురు ఐరిష్‌వాళ్లను పట్టుకుని, కొట్టి ఒప్పించి, జీవితఖైదు వేశారు. పదహారేళ్ల తరవాత 1991లో వాళ్లు నిర్దోషులని వదిలారు. అసలు దోషులకు ఇప్పటికీ శిక్ష పడలేదు. ఇక్కడి పెద్దవాళ్లు చెబుతారు, ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో బస్సెక్కితే తమ యాస వినపడకుండా నోరు మూసుకుని కూర్చునేవాళ్లమని.

లెక్కలచీటీ (హైదరాబాద్)

ఇది చదువుతుంటే మనకు 2007 గుర్తుకు రాక మానదు. మక్కా మసీదు పేలుడు తరవాత పట్టుకుపోయిన పాతబస్తీ కుర్రాళ్లు నిర్దోషులుగా బయటికి వచ్చేసరికి వాళ్ల చదువులు, ఉద్యోగాలు పోయాయి. తరవాత వేరేవాళ్ల మీద కేసు పెట్టారు, 2018లో అదీ కోర్టులో నిలవలేదు. అసలు చంపిందెవరో చనిపోయినవాళ్ల ఇళ్లకు ఈ రోజుకూ ఎవరూ చెప్పలేదు.

ఎర్రకంకర (నిజామాబాద్)

అందరినీ గౌరవిస్తూనే అభ్యంతరం చెబుతున్నాను. చర్చ ఎటో వెళుతోంది. ఉగ్రవాదం ప్రభావం అడిగితే మీరు పోలీసుల తప్పుల జాబితా ఇస్తున్నారు.

మాడ్రిడ్ రైళ్లు, 190కి పైగా. లండన్ 2005, 52. పారిస్ నవంబరు 2015, 130. బ్రస్సెల్స్ 32. నీస్ 86. మాంచెస్టర్ 2017, 22. ఈ ఆరు దాడుల్లోనే ఐదు వందల మందికి పైగా పోయారు. 2004 తరవాతి యూరప్‌లో మిగతా మూడు రకాలూ కలిపినా దీని దరిదాపులకు రావు. ‘అన్ని రకాలూ ఉన్నాయి’ అని సమానంగా పంచి చెప్పడం చనిపోయినవాళ్లకు అన్యాయం. వాళ్లను చంపిన సిద్ధాంతానికి ఒక పేరుంది. ఆ పేరు పలకడానికి వెనుకాడితే ఆ లెక్క ఎందుకు?

కొత్తవంతెన (బ్రస్సెల్స్)

పేరు పలకడానికి నాకు ఏ సంకోచమూ లేదు. ఆ పొద్దున మెట్రో ఎక్కవలసినదాన్ని నేనే. కానీ మా ఇంటి పక్కన మొరాకో నుంచి వచ్చిన ముసలామె ఉంటుంది. పేలుళ్ల తరవాతి వారం ఆమె రొట్టెల దుకాణానికి వెళ్లడం మానేసింది. నేను తెచ్చి ఇచ్చేదాన్ని. మెట్రోకు నేను భయపడ్డాను, వీధికి ఆమె భయపడింది. రెండూ ఆ బాంబు చేసిన పనే.

ఎర్రకంకర (నిజామాబాద్)

అది ఒప్పుకుంటాను. నా మాట సంఖ్యల గురించి. ఆ ముసలామెకు కూడా ఆ భయం తెచ్చిపెట్టినవాళ్లు జిహాదీలే కదా.

నిర్వాహకుడు

చర్చ బాగుంది, ఇలాగే సాగనివ్వండి. తొలగించిన రెండు వ్యాఖ్యలు ఒక మతం వారందరినీ నిందించినవి. అలాంటివి ఇక్కడ ఉండవు.

ఉత్తరవెలుగు (ఓస్లో)

ఎర్రకంకర గారూ, 2004 తరవాతి లెక్కలో 77 మందిని మీరు వదిలేశారు.

2011 జూలై 22 మధ్యాహ్నం ఓస్లోలో ప్రభుత్వ భవనాల దగ్గర వ్యాను బాంబు, 8 మంది. అక్కడినుంచి పోలీసు దుస్తుల్లో అదే మనిషి ఉటోయా దీవికి వెళ్లి లేబర్ పార్టీ యువజన శిబిరంలో 69 మందిని కాల్చాడు. ఎక్కువమంది పద్దెనిమిది, ఇరవై ఏళ్ల లోపు పిల్లలు. నేను అప్పుడు ఇక్కడ చదువుకుంటున్నాను. మొదటి కొన్ని గంటలు టీవీలో అందరూ అల్‌ఖైదా అనే అన్నారు. మా తరగతిలోని ఒక సోమాలీ అమ్మాయిని ఆ సాయంత్రం ట్రామ్‌లో తిట్టారు. రాత్రికి తెలిసింది, చంపినవాడు ఓస్లో పడమటి పేటలో పెరిగిన నార్వేజియన్ అని.

ప్రధాని యెన్స్ స్టోల్టెన్‌బర్గ్ దీనికి జవాబు మరింత ప్రజాస్వామ్యం, మరింత దాపరికంలేనితనం అన్నాడు. ఆ మాట నేను ఇప్పటికీ ప్రేమిస్తాను. దానితోపాటు ఇంకొకటి కూడా జరిగింది. మరుసటి ఏడాది విచారణ సంఘం, ప్రభుత్వ భవనాల మీద దాడిని ఆపగలిగేవారని తేల్చి చెప్పింది. ఆ వీధిని వాహనాలకు మూసెయ్యాలని ఏళ్ల కిందటే నిర్ణయించారు, అమలు చేయలేదు. స్మారకం విషయంలో కూడా కలిసి రాలేదు. దీవి ఎదుటి కొండకొనను నిలువునా కోసి స్మారకం చేయాలన్న ప్రణాళికను స్థానికులు కోర్టుదాకా లాగి ఆపించారు. ఆ రోజు పడవలు వేసుకుని వెళ్లి నీళ్లలోంచి పిల్లలను లాగినవాళ్లు వాళ్లే. ఆ గాయాన్ని పొద్దున్నే లేచి కిటికీలోంచి చూడలేమన్నారు. చివరికి 2022లో రేవు దగ్గర 77 కంచు స్తంభాలు నిలబెట్టారు. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. కానీ దేశం ఒక్కటై ఏడ్చింది అనే వాక్యం మీ ప్రసంగంలో రాయకండి. బతికి బయటపడిన పిల్లలకు బెదిరింపు సందేశాలు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి.

ఎర్రకంకర (నిజామాబాద్)

వదిలేయడం నా తప్పే. 77 చిన్న సంఖ్య కాదు. ఒప్పుకుంటున్నాను.

పాతరేడియో (గుంటూరు)

మాడ్రిడ్ పేరు వచ్చింది కనుక ఒక సంగతి. అక్కడ ‘ఏ రకం’ అన్న ప్రశ్నే ప్రభుత్వాన్ని కూల్చింది. 2004 మార్చి 11న పేలుళ్లు, 14న ఎన్నికలు. ప్రధాని అస్నార్ ప్రభుత్వం ఇది ఈటీఏ పని అని గట్టిగా చెప్పింది. అదే రోజు ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1530వ తీర్మానంలో ఈటీఏ పేరు పెట్టి ఖండించింది. పేలింది మాత్రం జిహాదీల బాంబులు. ఇరాక్ యుద్ధంలో చేరినందుకు దాడి జరిగిందని తెలిస్తే ఓట్లు పోతాయని దాచారన్న కోపంతో జనం వీధుల్లోకి వచ్చారు. సోషలిస్టులు గెలిచారు, ఇరాక్ నుంచి సైన్యాన్ని వెనక్కి పిలిచారు. తప్పు పేరు ఐక్యరాజ్యసమితి తీర్మానంలో అచ్చయి ఉంది.

ఈటీఏ సంగతి కూడా చెప్పనివ్వు. నలభై ఏళ్లలో ఎనిమిది వందల మందికి పైగా చంపింది. కానీ బాస్క్ ఊళ్లలో అడిగితే హత్యల కంటే ముందు వేరే సంగతులు చెబుతారు. వ్యాపారికి ‘విప్లవ పన్ను’ కట్టమని ఉత్తరం వస్తుంది. కట్టాడా లేదా అన్నది భార్యకు కూడా చెప్పడు. పురపాలక సభ్యుడు పొద్దున కారు కింద వంగి చూసి గానీ తాళం తిప్పడు. వెంట ఇద్దరు అంగరక్షకులు, బడికి వెళ్లే పిల్లల వెనుక కూడా. అతని దినచర్యను ఈటీఏకు చేరవేసింది రొట్టెల దుకాణంలో రోజూ పలకరించే మనిషే కావచ్చు. 1997 జూలైలో మిగెల్ ఆంహెల్ బ్లాంకో అనే 29 ఏళ్ల సభ్యుణ్ని ఎత్తుకుపోయి, నలభై ఎనిమిది గంటల గడువు పెట్టి చంపారు. అప్పుడు స్పెయిన్ అంతటా లక్షల జనం బయటికి వచ్చారు, బాస్క్ వీధుల్లో కూడా. అంతవరకూ కిటికీ తలుపు వేసుకున్నవాళ్లు. 2011లో హత్యలు ఆపామన్నారు, 2018లో సంస్థ రద్దయింది. బాస్క్‌లో పక్కింటివాళ్లు ఇప్పటికీ ఒకరినొకరు ఏమీ అడగరట.

వామపక్ష తీవ్రవాదం గురించి ఒక్క మాట చాలు. ఇటలీ రెడ్ బ్రిగేడ్స్ 1978లో మాజీ ప్రధాని ఆల్దో మోరోను 55 రోజులు దాచి చంపారు, అది అందరికీ తెలుసు. నాకు ముఖ్యమనిపించేది 1979 జనవరి. జెనోవా ఉక్కు కర్మాగారంలో గీదో రోస్సా అనే కార్మిక సంఘం మనిషి, తన తోటి కార్మికుడు ఆ కరపత్రాలు పంచుతున్నాడని సాక్ష్యం చెప్పాడు. అతణ్ని కాల్చేశారు. కార్మికుల కోసం పోరాడుతున్నామన్నవాళ్లు కార్మికుణ్ని చంపాక ఫ్యాక్టరీలలో వాళ్లకు చోటు లేకుండా పోయింది. ఆ రకం తన నేలను తానే తవ్వుకుంది.

లెక్కలచీటీ (హైదరాబాద్)

నేను బీమా రంగంలో పనిచేస్తాను, ఆ కోణం ఎవరూ తేలేదు.

ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ లండన్ ఆర్థిక కేంద్రంలో పెట్టిన రెండు బాంబులు, 1992 బాల్టిక్ ఎక్స్చేంజ్, 1993 బిషప్స్‌గేట్. మృతులు మొదటిదానిలో ముగ్గురు, రెండోదానిలో ఒకరు. మీ పట్టికలో ఇవి అట్టడుగున ఉంటాయి. కానీ నష్టం వందల కోట్ల రూపాయల్లో కాదు, వేల కోట్లలో. బీమా సంస్థలు ఇకమీదట ఉగ్రవాద నష్టానికి పూచీ ఇవ్వలేమన్నాయి. పూచీ లేకపోతే బ్యాంకు అప్పు ఇవ్వదు, అప్పు లేకపోతే భవనం లేవదు. దాంతో 1993లో ప్రభుత్వ హామీతో ‘పూల్ రీ’ అనే ఉమ్మడి నిధి పెట్టారు. 2001 సెప్టెంబరు దాడుల తరవాత మన దేశంలో కూడా 2002లో ఇలాంటి ఉమ్మడి నిధే ప్రభుత్వ పునర్బీమా సంస్థ జీఐసీ ఆధ్వర్యంలో ఏర్పడింది. మీ అపార్ట్‌మెంటు బీమా పత్రంలో ‘ఉగ్రవాద రక్షణ’ అనే చిన్న పద్దు ఉంటే, అలాంటి ఏర్పాటుకు మొదటి నమూనాల్లో ఒకటి లండన్‌దే.

ఫ్రాన్స్ ఇంకో దారి పట్టింది. 1986 నుంచి అక్కడ ఆస్తి బీమా చేసుకున్న ప్రతి ఒక్కరూ కొద్ది మొత్తం బాధితుల నిధికి కడతారు. భవనానికి ముందు పూచీ ఇచ్చింది ఒక దేశం, మనిషికి ఇచ్చింది మరొకటి. దీన్ని కూడా ప్రభావం కిందే లెక్కపెట్టాలని నా అభిప్రాయం.

నీలిగోరింట (న్యూరెంబర్గ్)

చాలా కొత్త సంగతి చెప్పారు, ధన్యవాదాలు. దానితో పాటు చట్టాల గడి కూడా. ఫ్రాన్స్‌లో 2015 నవంబరు రాత్రి పెట్టిన అత్యవసర పరిస్థితి 2017 నవంబరు 1 దాకా సాగింది. కోర్టు అనుమతి లేకుండా వేల ఇళ్లు సోదా చేశారు. ఎత్తేసేటప్పుడు అందులోని అధికారాలు కొన్నింటిని మామూలు చట్టంలోకి తెచ్చారు. బ్రిటన్‌లో 1974 బర్మింగ్‌హామ్ తరవాత ‘తాత్కాలికం’ అని చేసిన చట్టం కూడా పాతికేళ్లు నడిచింది. ఈ విషయంలో ఉగ్రవాదం రకానికి తేడా లేదు.

పాతరేడియో (గుంటూరు)

ఒకటి మరిచిపోతున్నాం అందరం. 1985 జూన్ 23. ఎయిర్ ఇండియా కనిష్క విమానం ఐర్లాండ్ తీరానికి దగ్గరలో సముద్రం మీద పేలింది. 329 మంది. ఇంతవరకూ ఈ చర్చలో వచ్చిన యూరప్ దాడుల్లో దేనిలోనూ అంతమంది పోలేదు. చేసింది కెనడాలోని ఖలిస్తాన్ వేర్పాటువాదులు, పోయినవాళ్లలో అత్యధికులు భారతీయ మూలాల కెనడా పౌరులు, శవాలను ఒడ్డుకు చేర్చింది ఐరిష్ నావికులు. కెనడా దాన్ని చాలా ఏళ్లు తన విషాదం అనుకోలేదు. యూరప్ తన లెక్కలో వెయ్యదు. మనం కూడా యూరప్ అనగానే పారిస్ అంటాం. శిక్ష పడింది ఒక్కడికి. ఐర్లాండ్‌లో అహకిస్తా అనే చిన్న పల్లెవాళ్లు మాత్రం ప్రతి జూన్‌లో ఆ కుటుంబాలతో కలిసి సముద్రం వైపు నిలబడతారు.

లాగన్‌తీరం (బెల్‌ఫాస్ట్)

మాస్టారూ, అక్కడికి నేను వెళ్లాను. గోడ మీద పేర్లు చదువుతుంటే పొరుగింటి పేర్లలా ఉన్నాయి.

మెట్లబావి (విశాఖపట్నం)

మూడు రోజులుగా ఇవన్నీ చదివి పట్టిక మళ్లీ గీశాను. మృతుల సంఖ్య గడి ఉంచాను, ఎర్రకంకర గారి మాట న్యాయమైనదే. దాని పక్కన ఇంకో గడి పెట్టాను: ఎవరు చంపారో బాధిత కుటుంబానికి అధికారికంగా తెలియడానికి ఎన్నేళ్లు పట్టింది?

ఆ గడి నింపుతుంటే పట్టిక తలకిందులైంది. పారిస్ 2015లో కొన్ని రోజులు. ఆ కేసు విచారణ 2021 సెప్టెంబరు నుంచి 2022 జూన్ దాకా నడిచింది. రెండు వేలకు పైగా బాధితులు అందులో కక్షిదారులు, వందలమంది నిలబడి తమ మాట చెప్పారు. ఉటోయాలో కొన్ని గంటలు. జర్మనీ తొమ్మిది కుటుంబాలకు ఐదు నుంచి పదకొండేళ్లు. పియాజ్జా ఫోంతానాకు దశాబ్దాలు, అప్పటికీ ఆ బాంబుకు చివరిదాకా నిలిచిన శిక్ష ఎవరికీ పడలేదు. బర్మింగ్‌హామ్ 21 కుటుంబాలకు ఇంకా పూర్తికాలేదు. ఎక్కువమందిని చంపిన రకం ఒకటి, ఎక్కువ కాలం చీకట్లో ఉంచిన రకం మరొకటి. ఎర్రకంకర గారు నన్ను నిలదీస్తే ఇలా చెబుతాను: రెండో గడిలో ఉన్నది పోలీసుల తప్పుల జాబితా కాదు. ఇటలీ ఫాసిస్టులు, జర్మన్ నాజీలు ఆ తప్పు జరుగుతుందని తెలిసే మౌనంగా ఉన్నారు. ఆ అనుమానం కూడా వాళ్ల ఆయుధంలో భాగమే.

ఎర్రకంకర (నిజామాబాద్)

ఇటలీ విషయంలో పూర్తిగా ఒప్పుకుంటాను. జర్మనీ విషయంలో వాళ్లు అంత ఆలోచించి మౌనంగా ఉన్నారా, లేక పట్టుబడకుండా ఇంకా చంపాలని మాత్రమేనా అన్నది నాకు సందేహం. నీలిగోరింట గారు చెప్పాలి.

నీలిగోరింట (న్యూరెంబర్గ్)

ఆ ముఠా తమ హత్యల మీద ఒక వీడియో తయారుచేసి పెట్టుకుంది. పోలీసుల తప్పుదారిని, వార్తాపత్రికల శీర్షికలను అందులో చేర్చి వెక్కిరించారు. అంటే చూస్తూనే ఉన్నారు, ఆనందించారు. ముందుగా వేసిన పథకమా అంటే కోర్టు దగ్గర కూడా పూర్తి జవాబు లేదు. దోషిగా తేలిన ఆమె విచారణలో ఆ ప్రశ్నలకు నోరు విప్పలేదు. కుటుంబాలు అడిగిన ఒకే ప్రశ్న ‘మా నాన్ననే ఎందుకు ఎంచుకున్నారు’ అని.

మెట్లబావి (విశాఖపట్నం)

ఆ గడిని ఖాళీగానే ఉంచుతాను. లాగన్‌తీరం గారూ, ఉత్తర ఐర్లాండ్ వరుసలో ఏం రాయమంటారు? 2023లో లండన్ ప్రభుత్వం పాత కేసుల మీద కొత్త దర్యాప్తులు, దావాలు ఆపేస్తూ చట్టం తెచ్చిందని చదివాను.

లాగన్‌తీరం (బెల్‌ఫాస్ట్)

తెచ్చింది. ఇక్కడి పార్టీలు ఎప్పుడూ ఒక మాట మీద ఉండవు, ఆ చట్టాన్ని మాత్రం అన్నీ వ్యతిరేకించాయి. 2024 ఫిబ్రవరిలో బెల్‌ఫాస్ట్ హైకోర్టు, నేరస్థులకు మినహాయింపు ఇచ్చే భాగం మానవహక్కులకు విరుద్ధమంది. మీ వరుసలో సంవత్సరాలు రాయకండి. మొన్న ఆదివారం మా వీధి చివర గేటు దగ్గర ఒక పెద్దావిడ తమ్ముడి ఫొటో పట్టుకుని నిలబడింది, ఏటా అదే తేదీన నిలబడుతుంది. 1975లో పోయాడు. కాసేపటికి చీకటిపడింది, గేటు మూసే మనిషి వచ్చి, ఆమె లేచేదాకా పక్కన ఆగాడు.